జైలు గేటు దాటే మనిషికి తన పేరున పనిచేసే ఫోన్ నంబరు ఉండాలి: రెండు తెలుగు రాష్ట్రాల అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల హోం శాఖ కార్యదర్శులకు, జైళ్ల శాఖ డైరెక్టర్ జనరళ్లకు, రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థల సభ్య కార్యదర్శులకు, రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీల బాధ్యులకు,

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

శిక్ష ముగిసి విడుదలైనవారికీ, బెయిలు మీద బయటికి వచ్చినవారికీ కాగితాల పనిలో తోడుండే పారాలీగల్ వాలంటీర్లలో నేనొకణ్ని. బయటికి వచ్చిన మొదటి నెలలో వీళ్లు నిలదొక్కుకుంటారా లేదా అన్నది చాలాసార్లు ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోతోంది: వాళ్ల పేరు మీద పనిచేసే ఫోన్ నంబరు ఉందా, లేదా. రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, కూలి డబ్బు, కోర్టు వాయిదా, ఆసుపత్రి మందులు, వీటన్నింటికీ ఇవాళ దారి ఆ నంబరుకు వచ్చే ఓటీపీ గుండానే పోతోంది. ఈ ఒక్క ఏర్పాటు లేకపోవడం వల్ల మామూలు కుటుంబాలు పడుతున్న ఇబ్బందిని మీ ముందుంచి, దాన్ని తీర్చే మార్గాలు అడగడమే ఈ లేఖ ఉద్దేశం.

ఈ సంగతులనే వినతిపత్రంగా రాసి ఇంతకుముందు ఒక జిల్లా కార్యాలయంలో ఇచ్చాం. ముద్ర వేసి తీసుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లి అడిగినా ‘పైకి పంపాం’ అన్న మాటే తప్ప, పైనుంచి ఏమొచ్చిందో చెప్పినవారు లేరు. అందుకే అదే విషయాన్ని అందరూ చదివేలా రాయవలసి వచ్చింది.

జైళ్ల లోపల సాంకేతిక ఏర్పాట్లకు లోటు లేదు. ప్రతి ఖైదీ వివరాలూ ఈ-ప్రిజన్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో నమోదవుతున్నాయి. ఈ-ములాఖత్ ద్వారా కుటుంబ సభ్యులు వీడియోలో మాట్లాడగలుగుతున్నారు. సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బెయిలు ఉత్తర్వు ప్రతిని కోర్టు అదే రోజు గానీ మర్నాడు గానీ ఈమెయిల్‌లో జైలు సూపరింటెండెంటుకు పంపాలి, బెయిలు వచ్చిన తేదీని ఈ-ప్రిజన్స్‌లో ఎక్కించాలి, ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. పూచీకత్తు సొమ్ము కట్టలేని పేద విచారణ ఖైదీలకు, జరిమానా కట్టలేని శిక్షాఖైదీలకు సాయం చేసే కేంద్ర పథకం కూడా 2023లోనే వచ్చింది. ఇవన్నీ మంచివే, కానీ ఇవన్నీ మనిషిని గేటు దాకా తెచ్చి అక్కడితో ఆగిపోతున్నాయి. జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో విడుదలైనవారికి పని ఇవ్వడం నిజంగా మెచ్చదగినది. అయితే ఆ అవకాశం దొరికేది కొద్దిమందికే.

పునరావాసం అనగానే మన అధికార వ్యవస్థకు గుర్తొచ్చేది సత్ప్రవర్తన మీద విడుదలయ్యే యావజ్జీవ ఖైదీ. అతనికి సన్మానం, కుట్టుమిషను, పత్రికల్లో ఫొటో ఉంటాయి. కానీ జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివారే. వీళ్లు ఏ సాయంత్రమో, ముందుగా ఎవరికీ తెలియకుండా, చేతిలో బస్సు చార్జీ ఉందో లేదో తెలియని స్థితిలో బయటికి వస్తారు. వీరికోసమంటూ ఏ పునరావాస ప్రణాళికా ఉన్నట్టు మాకు తెలియదు. కింద రాసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం వీరివే.

1. జైల్లో ఉన్నప్పుడే నంబరు పోతోంది. టెలికాం నిబంధనల ప్రకారం 90 రోజుల పాటు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ సిమ్‌ను కంపెనీ నిలిపివేయవచ్చు. అలా నిలిచిపోయిన నంబరును మరో 90 రోజుల గడువు దాటాక కొత్త వినియోగదారుకు కేటాయిస్తారు. ఇటు చూస్తే, తీవ్రమైన నేరాభియోగాల్లో చార్జిషీటు వేయడానికి భారతీయ నాగరిక సురక్షా సంహిత 187వ సెక్షన్ పోలీసులకు ఇచ్చిన గడువు కూడా 90 రోజులే. చార్జిషీటు కోర్టులో పడే నాటికే, విచారణ మొదలు కాకముందే, ముద్దాయి తన నంబరు పోగొట్టుకుంటున్నాడు. ఆరు నెలలు దాటితే ఆ నంబరు ముక్కూమొహం తెలియని మరొకరి చేతిలో ఉండవచ్చు. ఇక ఫోను సంగతి చెప్పనక్కర్లేదు. అరెస్టు రోజునే అది పంచనామాకెక్కి కేసు సొత్తయిపోతుంది. అదే సంహిత 497వ సెక్షన్ కింద పిటిషన్ వేసి దాన్ని మధ్యంతరంగా విడిపించుకోవచ్చు, కానీ చాలామంది విషయంలో ఆ పిటిషన్‌కయ్యే ఖర్చు ఫోను ఖరీదును మించుతుంది. విచారకరమైన సంగతేమిటంటే, ఖాతాలో 20 రూపాయల నిల్వ ఉంటే వాడకం లేదన్న కారణంతో నంబరును రద్దు చేయకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లోనే నియమం పెట్టింది. ఈ ఒక్క మాట జైల్లో చేరిన రోజున కుటుంబానికి చెప్పగలిగితే ఎన్నో నంబర్లు నిలిచేవి. చెప్పేవారే లేరు.

2. నంబరుతో పాటు డబ్బుకు దారి మూసుకుపోతోంది. మాకు తెలిసిన ఒక తాపీ మేస్త్రీ రిమాండ్ ముగిసి బెయిలు మీద వచ్చాడు. అడ్డా మీద పని దొరికింది. కాంట్రాక్టరు నగదు ఇవ్వడు, యూపీఐలోనే వేస్తాడు. ఇతని పాత నంబరు పనిచేయడం లేదు, ఆధార్‌కు, బ్యాంకుకు కలిపి ఉన్నది ఆ నంబరే. కొత్త సిమ్ తీసుకుందామంటే గుర్తింపు పత్రం కావాలి. ఆధార్ కార్డు ఇల్లు మారడంలో ఎక్కడో పోయింది, దాన్ని దించుకుందామంటే ఓటీపీ పాత నంబరుకు పోతుంది. నిజానికి ఆధార్‌కు కొత్త నంబరు కలపడానికి ఏ పత్రమూ అవసరం లేదు, వేలిముద్ర చాలు. ఆ సంగతి అతనికి తెలియదు. తెలిసినా ఆధార్ కేంద్రం దగ్గర ఒక రోజు కూలి వదులుకొని నిలబడాలి. చివరికి కూలి డబ్బును బంధువు ఖాతాలో వేయించుకున్నాడు. ఆ బంధువు కేసు ఖర్చులకు ఇచ్చిన అప్పు కింద దాన్ని జమ కట్టుకున్నాడు. పనిచేసి కూడా ఇంటికి బియ్యం తీసుకెళ్లలేని స్థితి అంటే ఇదే. ఏళ్ల తరబడి లోపలున్న శిక్షాఖైదీల విషయంలో ఇంకో చిక్కు ఉంది. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతాను బ్యాంకులు నిష్క్రియ ఖాతాగా మారుస్తాయి. జైల్లో పనిచేసి కూడబెట్టుకున్న వేతనం అలాంటి ఖాతాలో పడితే, కేవైసీ, అంటే గుర్తింపు ధ్రువీకరణ, మళ్లీ పూర్తయ్యేదాకా అది పేరుకే సొమ్ము. ఖాతాను తిరిగి తెరవడానికి రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అయితే రుసుము లేకపోవడం ఒక ఎత్తు, బ్యాంకు మెట్లెక్కి ‘జైలు నుంచి వచ్చాను’ అని నలుగురిలో చెప్పుకోవడం మరో ఎత్తు.

3. వాయిదా తప్పి మళ్లీ జైలుకు పోతున్నారు. బెయిలు మీద ఉన్న వ్యక్తి సరైన కారణం లేకుండా కోర్టుకు రాకపోతే భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షన్ కింద అదే ఒక కొత్త నేరం, ఏడాది వరకు జైలు. నాన్ బెయిలబుల్ వారంటు వేరే, పూచీ ఇచ్చినవారికి నోటీసులు వేరే. వాయిదా మారిందని న్యాయవాది గుమాస్తా చెబుదామన్నా అతని దగ్గర ఉన్నది చచ్చిపోయిన పాత నంబరే. ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొడితే తరువాతి తేదీ ఉచితంగా కనిపిస్తుంది, కానీ ఆ నంబరు ఒకటుంటుందని విడుదలయ్యేటప్పుడు ఎవరూ చెప్పరు, చీటీ మీద రాసివ్వరు. స్మార్ట్‌ఫోను లేనివారికి ఆ యాప్ అసలు అందదు. న్యూయార్క్ నగరంలో వాయిదాకు ముందు ఫోన్‌కు సందేశం పంపితే గైర్హాజరు ఐదో వంతు తగ్గిందని 2020లో వెలువడిన పరిశోధన చూపించింది. అక్కడ రానివారిలో చాలామంది తప్పించుకు తిరుగుతున్నవారు కారు, మరిచిపోయినవారు, తేదీ తెలియనివారు. మన దగ్గర తేదీ తెలియకపోవడానికి కారణాలు ఇంకా ఎక్కువే.

4. మందులు మధ్యలో ఆగిపోతున్నాయి. క్షయకు జైల్లో మొదలైన మందు బయట కొనసాగాలంటే క్షయ రోగుల వివరాలుండే నిక్షయ్ పోర్టల్‌లోని నమోదు సంఖ్య ఇంటి దగ్గరి ఆసుపత్రికి బదిలీ కావాలి, రోగికి ఫోన్ చేసి అడిగేవారుండాలి. నెలకు 1,000 రూపాయల పోషణ సాయం పడేది కూడా బ్యాంకు ఖాతాలోనే. హెచ్‌ఐవీ మందులు వాడేవారికీ ఇదే అవసరం. నిద్ర పట్టక, మనుషుల్లోకి రాలేక కుమిలిపోయేవారికి 14416 టెలిమానస్ మానసిక ఆరోగ్య సహాయ లైను ఉందని చెప్పినా, చేయడానికి ఫోనుండాలి.

5. ఆడవాళ్ల పరిస్థితి మరింత కష్టం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో సొంతంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న మహిళలు 54 శాతమే. చంచల్‌గూడ, రాజమహేంద్రవరం, కడప మహిళా జైళ్ల నుంచి బయటికి వచ్చేవారిలో చాలామందికి మొదటినుంచీ నంబరంటే భర్తదో, అన్నదో. కేసు ఆ కుటుంబంలోనే పుట్టి ఉంటే, విడుదలైన తర్వాత ఆమెకు సంబంధించిన ప్రతి ఓటీపీ ఆమెను వద్దన్న మనిషి చేతికే వెళుతుంది. స్వయం సహాయక సంఘంలో పొదుపు చేసుకున్న డబ్బు, పిల్లల బడి సందేశాలు కూడా అంతే.

6. విడుదలైనవారి దగ్గరికి మొబైల్ టెక్నాలజీ వచ్చింది, కానీ సాయంగా రాలేదు. 2018 జనవరి 18న తెలంగాణ పోలీసులు సకల నేరస్తుల సమగ్ర సర్వే పేరుతో పాత కేసులున్నవారి ఇళ్లకు వెళ్లి, వివరాలు రాసుకొని, ఇంటి స్థానాన్ని జియోట్యాగ్ చేశారు. శిక్ష పూర్తిచేసి ఏళ్లుగా కూలి చేసుకుంటున్నవారి వాకిట్లో కూడా ఇరుగుపొరుగు చూస్తుండగా పోలీసులు నిలబడ్డారు. అద్దె ఇల్లు, ఆడపిల్ల సంబంధం, పనిలో నమ్మకం, ఇవన్నీ అలాంటి ఒక్క రాకతో పోగలవు. ఈ గడ్డ మీద ఇది కొత్త గాయం కాదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద స్టువర్టుపురం, సీతానగరం లాంటి సెటిల్‌మెంట్లలో ఎరుకల కుటుంబాలు హాజరు వేయించుకోవలసి వచ్చేది. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఫోనులో లొకేషన్ ఎప్పుడూ తెరిచి ఉంచమనడం ఆ హాజరు పట్టీని తిరిగి తెరవడమే. సుప్రీంకోర్టు 2024 జూలై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో, ముద్దాయి ఎక్కడున్నాడో దర్యాప్తు అధికారికి గూగుల్ మ్యాపులో నిత్యం కనిపించేలా పిన్ పెట్టాలన్న బెయిలు షరతు రాజ్యాంగం 21వ అధికరణ కింద ఉన్న గోప్యత హక్కుకు భంగమని చెప్పి కొట్టివేసింది. మేము ఇక్కడ అడుగుతున్న ఫోను సాయం రేపు నిఘాగా మారకూడదు. మారుతుందన్న అనుమానం కలిగినా చాలు, దాన్ని ఎవరూ తాకరు. నిజానికి ఈ పథకం నిలిచేదీ కూలేదీ ఈ ఒక్క విషయం మీదనే అని నా నమ్మకం.

జైలు నుంచి వచ్చినవాళ్లకు ఫోన్లిచ్చి పోషించాలా అని అడిగేవారున్నారు. వారికి గౌరవంతో చెబుతున్నాను. మేము ఖరీదైన ఫోన్లు అడగడం లేదు. తన పేరున, తన వేలిముద్రతో తీసుకున్న సిమ్ అడుగుతున్నాం. అది దొరకని మనిషి ఎవరి పేరు మీదో ఉన్న సిమ్ వాడతాడు, లేదా మారుపేరు సిమ్ అమ్మేవాడి వలలో పడతాడు. మోసంతో, మారుపేరుతో సిమ్ తీసుకోవడానికి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టింది. సక్రమమైన దారి మూసేసి, అక్రమమైన దారి పట్టాడని మళ్లీ లోపల వేయడం వల్ల ఎవరికీ భద్రత రాదు. శిక్షపడినంత మాత్రాన మనిషి తన ప్రాథమిక హక్కులన్నీ పోగొట్టుకోడని సుప్రీంకోర్టు 1974లో చెప్పింది విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీల కేసులోనే, అంటే మన భువన మోహన్ పట్నాయక్ కేసులోనే. శిక్ష లక్ష్యం మనిషిని బాగుచేసి సమాజంలోకి తిరిగి పంపడమని జస్టిస్ కృష్ణయ్యర్ 1977లో విస్తారంగా రాసిన గియాసుద్దీన్ తీర్పూ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. ఈ రెండు తీర్పులూ మన జైళ్ల నుంచి దేశానికి అందినవి. వాటి ఫలితం ముందుగా మన ఖైదీలకే అందాలి.

కాబట్టి ఈ కిందివాటిని కోరుతున్నాం.

1. జైల్లో చేరిన వారంలోపు ప్రతి ఖైదీ నుంచి, అతని సమ్మతితో, ఒక పేజీ వివరాలు తీసుకోవాలి: ఫోన్ నంబరు ఏది, ఎవరి పేరున ఉంది, ఆధార్‌కు, బ్యాంకుకు కలిసి ఉందా. నంబరు నిలిచేందుకు కావలసిన నిల్వను ఖైదీ సొంత ఖాతా నుంచి గానీ కుటుంబం ద్వారా గానీ రీచార్జి చేయించాలి. నిరుపేదల విషయంలో ఆ చిన్న మొత్తాన్ని సంక్షేమ నిధి భరించాలి. రెండు రాష్ట్రాలూ టెలికాం శాఖ లెక్కల్లో ఇప్పటికీ ఒకే సర్కిల్ కనుక, జైల్లో ఉన్నవారి నంబర్లను, వారు కోరితే, వేరెవరికీ కేటాయించకుండా ఉంచేలా రెండు ప్రభుత్వాలూ కలిసి ఒకే లేఖ రాస్తే సరిపోతుంది.

2. ప్రతి కేంద్ర కారాగారంలో, జిల్లా జైల్లో నెలకొకసారి ఆధార్, బ్యాంకు శిబిరం పెట్టాలి. జైలు అధికారి సంతకం, ముద్రతో ఇచ్చే ప్రవేశపత్రాన్ని ఆధార్ నమోదుకు ఆధారంగా తీసుకునే వీలు ఇప్పటికే ఉంది. దాన్ని వాడుకోవాలి. విడుదల దగ్గరపడిన శిక్షాఖైదీల నిష్క్రియ ఖాతాల కేవైసీని బ్యాంకు ప్రతినిధులైన బ్యాంకు మిత్రలు జైల్లోనే పూర్తిచేసేలా బ్యాంకర్ల కమిటీ ఆదేశాలివ్వాలి.

3. విడుదల రోజున లేదా మర్నాడు, జైలు బయట ఉండే సహాయ కేంద్రంలో వేలిముద్రతో కొత్త సిమ్ ఇచ్చే ఏర్పాటు చేయాలి. ఏమీ లేనివారికి కీప్యాడ్ ఫోను చాలు. మహిళల విషయంలో సిమ్ తప్పనిసరిగా వారి పేరునే ఉండాలి, పాత నంబరుతో ఉన్న లంకెలన్నీ తెంచే పనిని మహిళా పారాలీగల్ వాలంటీరు దగ్గరుండి చేయించాలి.

4. విడుదల పత్రంతో పాటు ఒక చీటీ ఇవ్వాలి. దాని మీద కేసు సీఎన్‌ఆర్ నంబరు, తరువాతి వాయిదా, కోర్టు, ఉచిత న్యాయవాది పేరు, 15100 న్యాయసహాయ లైను పెద్ద అక్షరాల్లో తెలుగులో, ఉర్దూలో ఉండాలి.

5. వాయిదాకు మూడు రోజుల ముందు, మళ్లీ ముందురోజు సాయంత్రం ఎస్‌ఎమ్మెస్‌తో పాటు తెలుగులో మాటల కాల్ కూడా వెళ్లాలి. చదవలేనివారికి సందేశం వల్ల ఉపయోగం లేదు. జైళ్లలో ఉన్నవారిలో పెద్ద భాగం పదో తరగతి దాటనివారని మీకు తెలుసు. లంబాడీ, గోండి, ఉర్దూ మాట్లాడేవారికి వారి భాషలో వినే వీలు పెట్టాలి.

6. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ చేసే ఒక లైను జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో పెట్టి, విడుదలైన తొలి మూడు నెలలు వారానికొకసారి వాలంటీరే పలకరించేలా చూడాలి. యాప్ కంటే మనిషి గొంతే ముందు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి నడుస్తున్న మన మిత్ర వాట్సాప్ సేవల్లో రేషన్, పింఛను, ధ్రువపత్రాల పక్కనే విడుదలైనవారికి అవసరమయ్యే సేవలను ఒక చోట చేర్చవచ్చు. తెలంగాణలో ఇదే పనిని మీ సేవ ద్వారా చేయవచ్చు.

7. పైవాటిలో ఏదీ తప్పనిసరి కాకూడదు. ఏ సేవలోనూ లొకేషన్, కాంటాక్టులు, ఫొటోలు అడగకూడదు. నంబర్ల జాబితా న్యాయసేవాధికార సంస్థ దగ్గరే ఉండాలి, కోర్టు ఉత్తర్వు లేకుండా పోలీసులకు ఇవ్వకూడదు, ఏడాది తర్వాత తుడిచివేయాలి. ఈ హామీని మాటలతో సరిపెట్టకుండా ప్రభుత్వ ఉత్తర్వులో రాయాలి. ఇది లేకుండా మిగతా ఆరూ ఇచ్చినా మేము వాటిని మంచి పథకంగా ప్రజలకు చెప్పలేం.

వీటిలో చాలావాటికి కొత్త చట్టం అవసరం లేదు, పెద్ద బడ్జెట్ అవసరం లేదు. ఒక కేంద్ర కారాగారంలో, ఒక జిల్లా జైల్లో, ఒక మహిళా జైల్లో ముందుగా మొదలుపెట్టి చూడవచ్చు. అక్కడి ఫలితాలను, అంటే ఎంతమందికి నంబరు అందింది, ఎంతమంది ఖాతా తెరుచుకుంది, ఎన్ని వారంట్లు తగ్గాయి అన్న లెక్కలను, పేర్లు లేకుండా ప్రజలకు వెల్లడించాలి.

ఈ లేఖకు రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాం. ఏడింటిలో ఏది ఏ శాఖ చేపడుతుందో, ఎప్పటిలోగా చేస్తుందో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో అందులో ఉండాలి. మా దగ్గరున్న వివరాలతో, బాధితుల అనుమతి ఉన్నంత మేరకు, మీరు పిలిచిన చోటికి వచ్చి మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
విడుదలైనవారి, వారి కుటుంబాల తరఫున
ఒక పారాలీగల్ వాలంటీరు